స్కీయింగా, స్నోబోర్డింగా? మంచు మీద మొదటిసారి దిగేవాళ్ల కోసం

"స్కీయింగ్ నేర్చుకోవడం తేలిక, అందులో చేయి తిరగడం కష్టం. స్నోబోర్డింగ్ నేర్చుకోవడం కష్టం, ఆ తర్వాత అంతా తేలిక." మంచు కొండలకు వెళ్లొచ్చిన ఎవరిని కదిపినా ఈ మాటే చెబుతారు. మాట తప్పేం కాదు. కానీ అది విని ఎవరూ ఒక నిర్ణయానికి రాలేరు. ఎందుకంటే అసలు ప్రశ్న అందులో లేదు: మీ చేతిలో ఎన్ని రోజులున్నాయి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచు మీద గడిపేది రెండు మూడు రోజులే అయి, మళ్లీ ఎప్పుడు వెళ్తారో తెలియకపోతే స్కీలు, అంటే కాలికొకటి చొప్పున ఉండే పొడవాటి పలకలు, కట్టుకోండి. వరసగా నాలుగైదు రోజులు ఉన్నా, ఏటా వెళ్లే ఉద్దేశం ఉన్నా అప్పుడు రెండు కాళ్లూ ఒకే పలకకు కట్టే స్నోబోర్డు గురించి ఆలోచించవచ్చు. రోజుల లెక్క తేలాక మోకాళ్లు, మణికట్లు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. ఆ తర్వాత ఎవరితో వెళ్తున్నారో చూసుకోవాలి. ఫోటోల్లో ఏది బాగుంటుందన్నది ఆఖరి విషయం. చాలామంది ఈ వరసను తిరగేసి, మొదటిరోజు మధ్యాహ్నానికే నీరసపడిపోతారు.

మొదటిరోజు స్కీల మీద

స్కీయింగ్‌లో రెండు కాళ్లు విడివిడిగా ఉంటాయి, ముఖం వెళ్లే దిక్కుకే ఉంటుంది. మనం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నడిచేది ఇలాగే కాబట్టి శరీరం పెద్దగా పేచీ పెట్టదు. తడబడితే ఒక కాలు పక్కకు జరిపి నిలదొక్కుకోవచ్చు. కొత్తవాళ్లకు ఇదే పెద్ద ధీమా.

మొదట నేర్పేది ఆగడం. స్కీల ముందు మొనలు దగ్గరకు తెచ్చి, మడమలను బయటికి నెడితే పైనుంచి చూసేవాళ్లకు అది త్రికోణంలా కనిపిస్తుంది. అందుకే పిల్లలకు దీన్ని 'పిజ్జా' అని చెబుతారు. పెద్దలకు చెప్పేటప్పుడు వెడ్జ్ అనో, స్నోప్లౌ అనో అంటారు. మడమలు బయటికి తోసినకొద్దీ స్కీల లోపలి అంచులు మంచును గట్టిగా రాసుకుంటాయి, వేగం తగ్గుతుంది. అదే త్రికోణంలో ఉండి కుడి స్కీ మీద బరువు ఎక్కువ వేస్తే ఎడమకు తిరుగుతారు, ఎడమ స్కీ మీద వేస్తే కుడికి తిరుగుతారు. మంచి ఇన్‌స్ట్రక్టర్ దొరికితే, పెద్దగా వాలు లేని చోట, చాలామంది మొదటిపూట అయ్యేసరికి తమంతట తాము ఆగగలుగుతారు, ఇటూ అటూ తిరగగలుగుతారు. చేతికర్రలు మొదట ఇవ్వకపోయినా కంగారు పడకండి. కర్రలు చేతిలో ఉంటే కొత్తవాళ్లు వాటిమీద ఆనుకోవాలని చూస్తారు, కాళ్లమీద ధ్యాస పోతుంది. అందుకే చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు వాటిని పక్కన పెట్టిస్తారు.

స్కీల మీద పడ్డాక లేవడం ఒక చిన్న విద్య. స్కీలు రెండూ మీకంటే దిగువన, వాలుకు అడ్డంగా ఉండేలా సర్దుకోవాలి. అవి కిందికి మొన తిరిగి ఉండగా లేవబోతే, లేచీ లేవకముందే మళ్లీ జారిపోతారు. అసలు లేవలేకపోతే పైవైపున ఉన్న స్కీని బైండింగ్ నుంచి, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు నుంచి, విప్పేసి లేవండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మొదటిరోజు బోర్డు మీద

బోర్డు ఎక్కేముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: మీ ముందుకాలు ఏది? ఎడమకాలు ముందుంటే 'రెగ్యులర్', కుడికాలు ముందుంటే 'గూఫీ' అంటారు. పేరు చూసి గూఫీ అంటే లోపమనుకోవద్దు, అది మీకు ఏ చేతివాటం ఉందన్నట్టే. నున్నటి గచ్చుమీద సాక్సులతో పరిగెత్తి జారి చూడండి, ఏ కాలు తనంతట తాను ముందుకు వస్తుందో గమనించండి. అద్దెకు బోర్డు తీసుకునేటప్పుడు బైండింగులు దాన్నిబట్టే బిగిస్తారు కాబట్టి ఈ పని ముందే చేసుకుని వెళ్లండి.

ఆ తర్వాత మొదలవుతుంది అసలు తంటా. రెండు కాళ్లూ ఒకే పలకకు కట్టేసి ఉంటాయి. ఒళ్లంతా పక్కకు తిరిగి ఉంటుంది, వెళ్లే దిక్కు చూడాలంటే ముందు భుజం మీదుగా చూడాలి. తడబడితే కాలు జరిపే వీలు లేదు. మొదట ముందుకాలు మాత్రమే కట్టుకుని, వెనకకాలితో నెట్టుకుంటూ చదును నేలమీద జారడం నేర్పిస్తారు. తర్వాత రెండు కాళ్లూ కట్టి, ముఖం లోయవైపు పెట్టి, మడమల వైపు అంచుమీద నెమ్మదిగా కిందికి జారమంటారు. ఆపై అదే అంచుమీద ఎడమకు కొంత, కుడికి కొంత, రాలే ఆకులా ఊగుతూ దిగమంటారు. తర్వాత వేళ్ల వైపు అంచు. ఇప్పుడు వీపు లోయవైపు ఉంటుంది, ఎటు వెళ్తున్నామో కనిపించదు, పిక్కలు మండుతుంటాయి. ఈ రెండు అంచులనూ కలుపుతూ ఎస్ ఆకారంలో మలుపులు తిరగగలిగిన రోజే స్నోబోర్డింగ్ వచ్చినట్టు. కొందరికి అది రెండోరోజు వస్తుంది, కొందరికి నాలుగోరోజు. మొదటిరోజు వచ్చేసినవాళ్లూ ఉంటారు, వాళ్లలో చాలామంది చిన్నప్పుడు స్కేట్‌బోర్డు తొక్కినవాళ్లో, సర్ఫింగ్ చేసినవాళ్లో అయ్యుంటారు.

బోర్డు మీద తగిలే చాలా దెబ్బలకు మూలమైన సంగతి ఒకటి వివరంగా చెప్పాలి. మీరు వేళ్ల అంచుమీద, కొండవైపు ముఖం పెట్టి నెమ్మదిగా కిందికి జారుతున్నారనుకోండి. కాళ్లు అలిసిపోయి మడమలు కాస్త దిగాయి. బోర్డు చదునైంది. అంతసేపూ గాల్లో ఉన్న దిగువ అంచు ఇప్పుడు మంచును తాకి అందులో దిగబడుతుంది. బోర్డు అక్కడికక్కడే ఆగిపోతుంది, మీ ఒళ్లు మాత్రం ఆగదు. చేయి అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా ఉండదు, నడుము కింది ఎముక, ఆ వెంటనే తల వెనకభాగం నేలకు తగులుతాయి. మడమల అంచుమీద ఉన్నప్పుడు ఇదే జరిగితే ముందుకు పడతారు, మోకాళ్లూ అరచేతులూ దెబ్బతింటాయి. దీన్నే 'ఎడ్జ్ క్యాచ్' అంటారు. వేగంగా వెళ్లేవాళ్లకే ఇది జరుగుతుందని అనుకోవడం పొరపాటు. నెమ్మదిగా, బోర్డును చదునుగా ఉంచి, భయంభయంగా వెళ్లేవాళ్లకే ఇది ఎక్కువ. విరుగుడు ఒక్కటే, ఎప్పుడూ ఎగువ అంచుమీదే బరువు ఉంచడం, మలుపు తిరిగేటప్పుడు తటపటాయించకుండా ఒక అంచు నుంచి రెండో అంచుకు మారిపోవడం. చెప్పినంత తేలిక కాదు. అందుకే బోర్డుకు రోజులు కావాలనేది.

స్కీయింగ్ ఎక్కడ మొరాయిస్తుంది

ఇంతవరకూ చదివితే స్కీయింగే మేలు కదా అనిపిస్తుంది. దాని తంటా తర్వాత వస్తుంది. పిజ్జా ఆకారం తేలికైన వాలుమీద బాగా పనిచేస్తుంది కాబట్టి కాళ్లు దానికి అలవాటు పడిపోతాయి. కాస్త నిటారు వాలు రాగానే పిజ్జాతో వేగం ఆగదు, తొడలు మాత్రం నిప్పుల్లా మండుతాయి. అక్కడ రెండు స్కీలనూ సమాంతరంగా ఉంచి తిరగడం నేర్చుకోవాలి. దానికి బరువు ముందుకు, అంటే లోయవైపు వేయాలి. భయం వేసినప్పుడు మనిషి వెనక్కి వాలతాడు. వెనక్కి వాలితే స్కీల ముందుభాగం మీద పట్టు పోతుంది, అవి చెప్పిన మాట వినవు, భయం ఇంకా పెరుగుతుంది. ఎన్నిసార్లు వెళ్లినా ఈ మెట్టు దాటలేక సగం పిజ్జా, సగం సమాంతరంగా దిగుతూనే ఉండిపోయేవాళ్లు ప్రతి కొండమీదా కనిపిస్తారు. బోర్డువాళ్లకు ఈ బాధ తక్కువ. మలుపులు కలపడం వచ్చాక, మధ్యరకం వాలుమీద కూడా అదే కదలికతో దిగొచ్చు.

అయితే స్కీయింగ్‌లో చేయి తిరగడం కష్టమన్న మాటకు కొంత కారణం పాతకాలపు స్కీలే. అవి పొడుగ్గా, తిన్నగా ఉండేవి, తిప్పాలంటే బలమూ, ఏళ్ల సాధనా కావాల్సి వచ్చేది. స్లొవేనియాకు చెందిన ఎలాన్ కంపెనీ 1990ల మొదట్లో నడుము సన్నగా, మొనలు వెడల్పుగా ఉండే ఎస్‌సీఎక్స్ స్కీలు తెచ్చింది. కొద్ది ఏళ్లలో మిగతా కంపెనీలన్నీ ఆ దారిలోకే వచ్చాయి. ఆ ఆకారం వల్ల స్కీని అంచుమీదకు వాలిస్తే చాలు, అదే వంపు తిరుగుతుంది. ఇప్పుడు అద్దెకు ఇచ్చేవన్నీ ఈ రకానివే. కాబట్టి ముప్పై ఏళ్ల కింద నేర్చుకున్న పెద్దాయన ఎవరైనా మిమ్మల్ని బెదరగొడితే, ఆ బెదిరింపులో సగం కొట్టేయండి.

దెబ్బలు ఎక్కడ తగులుతాయి

రెండింటిలో ఏది ప్రమాదకరం అని అడిగితే నేను సూటిగా జవాబు చెప్పను, ఎందుకంటే దెబ్బలు తగిలే చోట్లే వేరు. మీ ఒంట్లో బలహీనమైన చోటు ఏదో మీకు తెలుసు, దాన్నిబట్టి చూసుకోవాలి.

స్కీయింగ్‌లో ప్రధానంగా దెబ్బతినేది మోకాలు. ఒక్కో కాలికీ పొడవాటి స్కీ ఉంటుంది కాబట్టి పడేటప్పుడు అది ఒకవైపు, ఒళ్లు ఒకవైపు తిరిగితే మెలి మొత్తం మోకాలి మీదే పడుతుంది. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం స్కీయర్లలో బాగా తెలిసిన గాయం. ఇంకొకటి బొటనవేలు: చేతికర్ర పట్టుకునే పడితే, బొటనవేలి మొదట్లోని లిగమెంటు సాగుతుంది లేదా తెగుతుంది. డాక్టర్లు దీన్ని 'స్కీయర్స్ థంబ్' అనే పిలుస్తారు.

మోకాలిని కాపాడటానికే స్కీ బైండింగులు ఒక స్థాయికి మించి మెలి పడితే బూటును వదిలేసేలా తయారుచేశారు. ఆ స్థాయిని డిన్ అంకె అంటారు. మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు ఎంత నేర్చినవాళ్లు అన్నవి చూసి అద్దె కౌంటర్‌లో టెక్నీషియన్ దాన్ని సరిచేస్తాడు. అక్కడ బరువు తగ్గించి చెప్పడం, 'నాకు బాగానే వచ్చు' అనడం రెండూ మోకాలికి చేటే. అంకె ఎక్కువైతే పడినప్పుడు స్కీ ఊడదు, తక్కువైతే అనవసరంగా ఊడిపోతుంది. స్క్రూడ్రైవర్ తీసుకుని సొంతంగా తిప్పే పని అసలే వద్దు.

స్నోబోర్డు బైండింగులు అలా వదలవు. రెండు కాళ్లూ ఒకే పలకమీద ఉంటాయి కాబట్టి వదలాల్సిన అవసరమూ తక్కువే, మోకాలి మీద మెలి పడటం కూడా తక్కువ. దానికి బదులు దెబ్బంతా పైభాగానికి తగులుతుంది. పడేటప్పుడు చేతులు చాచడం సహజం, దాంతో మణికట్టు విరుగుతుంది. కొత్త స్నోబోర్డర్లలో ఇది అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గాయాల్లో ఒకటి. భుజం, కాలర్‌బోన్, నడుము కింది ఎముక ఆ తర్వాతివి. మణికట్టు గార్డులు వేసుకుంటే గాయాలు తగ్గుతాయని అధ్యయనాల్లో తేలింది, కాబట్టి బోర్డు ఎంచుకుంటే వాటిని తప్పకుండా తీసుకోండి. వెనక లోపల మెత్త ఉన్న షార్ట్స్ కూడా దొరుకుతాయి. చూడటానికి నవ్వొస్తుంది గానీ రెండోరోజు కుర్చీలో కూర్చునేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. పడేటప్పుడు చేతులు పిడికిలి బిగించి, ముందుకైతే ముంజేతుల మీద, వెనక్కైతే గడ్డం ఛాతీకి ఆనించి వీపుమీద దొర్లేలా పడటం అలవాటు చేసుకోవాలి.

మోకాలికి పాత దెబ్బ ఉన్నవాళ్లు బోర్డు వైపు మొగ్గితే మంచిది. మోకాలికి ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టర్‌ను అడగకుండా రెండింటిలో ఏదీ పెట్టుకోవద్దు. చేతులే జీవనాధారమైనవాళ్లు, అంటే వీణ వాయించేవాళ్లు, సర్జన్లు, రోజంతా కీబోర్డు మీద పనిచేసేవాళ్లు, స్కీయింగ్ ఎంచుకోవడం తెలివైన పని. నడుమునొప్పి ఉన్నవాళ్లకు కూడా నా ఓటు స్కీలకే, ఎందుకంటే బోర్డు మీద మొదటి రెండురోజులూ కూర్చోవడం, లేవడం, వెనక్కి పడటంతోనే గడిచిపోతాయి.

హెల్మెట్ రెండింటికీ తప్పనిసరి. దాని గురించి ఇంతకంటే చర్చ అనవసరం.

లిఫ్టులు, చదును దారులు

కొత్తవాళ్లకు వాలు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది వాలు పైకి తీసుకెళ్లే లిఫ్టు. ఈ ఒక్క విషయంలో స్కీయింగ్‌దే స్పష్టమైన పైచేయి. కదిలే పట్టీలా ఉండే మ్యాజిక్ కార్పెట్ మీద ఎవరికీ ఇబ్బంది ఉండదు, నిలబడితే అదే పైకి తీసుకెళ్తుంది. కుర్చీలో కూర్చోబెట్టి పైకి చేర్చే చెయిర్‌లిఫ్ట్ దగ్గర తేడా తెలుస్తుంది. స్కీయర్ కుర్చీ దిగేటప్పుడు రెండు స్కీలూ ముందుకు పెట్టి లేచి నిలబడితే చాలు, చిన్న వాలుమీద జారుతూ పక్కకు వెళ్లిపోతాడు. బోర్డు మనిషి వెనకకాలు విప్పుకుని ఎక్కుతాడు. దిగేటప్పుడు కట్టి ఉన్న ముందుకాలి బోర్డును తిన్నగా పెట్టి, వెనకకాలిని బైండింగుల మధ్య, వెనక బైండింగుకు ఆనించి ఉంచి, చూపు దూరంగా నిలిపి, ఏ మలుపూ తిరగకుండా తిన్నగా జారిపోవాలి. కిందికి చూశాడా, పక్కవాడి చేయి పట్టుకున్నాడా, ఇద్దరూ పడతారు, వెనక కుర్చీ వచ్చేస్తుంటుంది. లిఫ్టు నడిపేవాళ్లు ఇవి రోజూ చూసేవే కాబట్టి అవసరమైతే నెమ్మదిస్తారు. ఎక్కేముందు 'ఇదే మొదటిసారి' అని వాళ్లకు చెప్పండి.

కాళ్ల మధ్యో, తొడల వెనకో కర్ర పెట్టుకుని, నేలమీదే లాక్కుంటూ పైకి తీసుకెళ్లే టీ-బార్, బటన్ లిఫ్టులు బోర్డు మనుషులకు ఇంకా పెద్ద తలనొప్పి. మీరు వెళ్లే చోట కొత్తవాళ్ల వాలుకు ఎలాంటి లిఫ్టు ఉందో ముందే కనుక్కోండి. అన్నీ లాగుడు లిఫ్టులే అయితే బోర్డు ఆలోచన ఆ ఒక్క కారణంతోనే వాయిదా వేసుకోవచ్చు.

చదును దారుల్లో కూడా ఇదే కథ. కొండమీద ఒక వాలు నుంచి ఇంకో వాలుకు వెళ్లేందుకు పొడవైన చదును బాటలు ఉంటాయి. స్కీయర్ కర్రలతో నెట్టుకుంటూ, స్కేటింగ్ చేస్తున్నట్టు కాళ్లు ఆడిస్తూ వెళ్లిపోతాడు. బోర్డు మనిషి వేగం పోయి ఆగిపోతే కాలు విప్పుకోవాలి, నెట్టుకోవాలి, ఒక్కోసారి బోర్డు చంకలో పెట్టుకుని నడవాలి. స్నేహితులంతా స్కీలమీద, మీరొక్కరే బోర్డు మీద ఉంటే ప్రతి లిఫ్టు పైనా మీరు కూర్చుని కాలు కట్టుకునేదాకా వాళ్లు ఆగాలి. మంచి స్నేహితులైతే మొదటి పూట ఆగుతారు.

బూట్లు

బోర్డువాళ్లు ప్రతీకారం తీర్చుకునేది ఇక్కడే. స్నోబోర్డు బూట్లు మెత్తగా ఉంటాయి, వాటితో మామూలుగా నడవొచ్చు, మెట్లెక్కొచ్చు. స్కీ బూట్లు గట్టి ప్లాస్టిక్ డిప్పలు. వాటితో పార్కింగ్ నుంచి లిఫ్టు దాకా నడవడమంటే కాళ్లకు రోకళ్లు కట్టుకుని నడిచినట్టే.

స్కీయింగ్ నచ్చలేదని ఒక్కరోజులో వదిలేసినవాళ్లలో చాలామందికి నిజానికి నచ్చనిది బూటే. కాబట్టి అద్దె కౌంటర్‌లో తొందరపడొద్దు. స్కీ బూటు సైజు పాదం పొడవును సెంటీమీటర్లలో చెబుతుంది. సన్నటి పొడవు సాక్సు ఒక్క జత చాలు. చలికి భయపడి రెండు జతలు వేసుకుంటే ముడతలు పడి పుండ్లవుతాయి, రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందుకు తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే వేళ్లు కాస్త వెనక్కి రావాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. అంటే సరిపోయినట్టు. మొదటి నిమిషం బిగుతుగా అనిపించిందని ఒక సైజు పెద్దది అడుగుతారు కొందరు. దాంతో పాదం లోపల కదులుతుంది, మీరు కాలు తిప్పినా స్కీ తిరగదు, పిక్క ఎముకకు ఒరుసుకుపోతుంది. మెత్తగా వంగే బూటు అడగండి, గట్టివి పోటీల్లో దిగేవాళ్లకు. సాక్సు తప్ప ప్యాంటు గుడ్డ ఏదీ బూటు లోపలికి వెళ్లకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

స్కీ అయినా, బోర్డు అయినా నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చే పొడవు కొత్తవాళ్లకు సరిపోతుంది. బోర్డుకు మాత్రం వెడల్పు కూడా చూసుకోవాలి: పాదాలు పెద్దవైతే బూటు మొనలు పక్కకు పొడుచుకొచ్చి, అంచుమీద వాలినప్పుడు మంచుకు తగిలి పడేస్తాయి.

బట్టల్లో పెద్ద తేడా లేదు. బోర్డువాళ్లు మంచులో ఎక్కువసేపు కూర్చుంటారు కాబట్టి వాళ్ల ప్యాంటు నీళ్లు పీల్చకుండా ఉండాలి. ఎండ సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి ముఖంమీదకే కొడుతుంది. గాగుల్స్, సన్‌స్క్రీన్ రెండువర్గాలకూ కావాల్సిందే. ముక్కు కింద, గడ్డం కింద కూడా రాసుకోండి.

మంచు ఎలా ఉంది, ఎవరు వెళ్తున్నారు

ఉదయాన్నే గడ్డకట్టి గాజులా ఉండే వాలుమీద స్కీలు మేలు. మంచును పట్టుకోవడానికి నాలుగు ఉక్కు అంచులుంటాయి, బోర్డుకు రెండే. పైగా గట్టి మంచుమీద బోర్డు నుంచి పడటమంటే సిమెంటు మీద పడటమే. అదే మోకాలిలోతు మెత్తటి మంచు కురిస్తే లెక్క తిరగబడుతుంది. వెడల్పైన బోర్డు దానిమీద తేలుతుంది, పడినా నొప్పి తెలియదు. కొత్త స్కీయర్ మాత్రం రెండు స్కీలూ చెరోచోట కూరుకుపోయి అవస్థ పడతాడు. మీరు వెళ్లే రోజుల్లో వాతావరణం ఏమంటోందో చూసుకుని, బోర్డు నేర్చుకోవడానికి వీలైతే కొత్త మంచు పడ్డ రోజే ఎంచుకోండి.

చిన్నపిల్లల విషయంలో ఆలోచించక్కర్లేదు. మూడు నాలుగేళ్ల నుంచే స్కీ బడుల్లో చేర్చుకుంటారు. బోర్డుకు చిన్న సైజులు వచ్చాయి గానీ, రెండు కాళ్లూ కట్టేసి ఉన్న పలకను అంచుమీద వాల్చేంత బలం, ఓపిక పిల్లలకు ఏడెనిమిదేళ్లకు గానీ సరిగ్గా రావు. ఐస్ స్కేటింగ్ లేదా చక్రాల స్కేటింగ్ వచ్చిన పిల్లలు, పెద్దలు ఎవరైనా స్కీలమీద చాలా త్వరగా కుదురుకుంటారు, ఎందుకంటే ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చడం వాళ్లకు ముందే అలవాటు.

బోర్డు ఎంచుకునేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. అమెరికాలో యూటాలోని ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ స్నోబోర్డులను అనుమతించవు. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన కూతుళ్లు ఆడుకోవడానికి రెండు స్కీలను కలిపి బిగించిన బొమ్మ లాంటి పలక నుంచి మొదలైన ఆట ఇది. 1998లో నగానో ఒలింపిక్స్ దాకా వెళ్లినా, కొన్ని కొండలమీద పాత వైరం ఇంకా చావలేదు. మిగతా ప్రపంచంలో దాదాపు అన్నిచోట్లా రెండువర్గాలూ ఒకే వాలుమీద కలిసే తిరుగుతాయి. అక్కడ దారి నియమం కూడా ఇద్దరికీ ఒక్కటే: దిగువన ఉన్నవాళ్లకే హక్కు, పైనుంచి వచ్చేవాళ్లే తప్పుకోవాలి. ఆగాలంటే వాలు పక్కన ఆగాలి. కాళ్లు కట్టుకోవడానికి దారి మధ్యలో, పైవాళ్లకు కనిపించని గుట్ట చాటున కూర్చునే అలవాటు కొత్త బోర్డువాళ్లలో ఎక్కువ. అది మొదటిరోజే మానుకోవాలి.

రెండూ నేర్చుకుంటే పోలేదా?

చెక్ అమ్మాయి ఎస్టర్ లెడెత్స్కా 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో స్కీయింగ్ సూపర్-జీలోనూ, స్నోబోర్డింగ్ పారలల్ జెయింట్ స్లాలమ్‌లోనూ స్వర్ణాలు గెలిచింది. కాబట్టి అసాధ్యమేం కాదు. మనలాంటివాళ్లకు మాత్రం ఒకే ట్రిప్‌లో రెండూ మొదలుపెట్టడం దండగ. మొదటిరోజు నేర్చుకున్నది రెండోరోజు కుదురుకుంటుంది. రెండోరోజు పరికరం మార్చేస్తే, మళ్లీ మొదటిరోజే బతుకుతారు. ఒకటి పట్టుకుని మలుపులు తిరగడం దాకా వచ్చాక, మరుసటి ట్రిప్‌లో రెండోది చూడండి. అంచు మీద బరువు వేయడం, చూపు దూరంగా ఉంచడం, వాలును చదవడం అన్నవి అటూ ఇటూ పనికొస్తాయి.

ఏది ఎంచుకున్నా మొదటిరోజు ఇన్‌స్ట్రక్టర్ క్లాసుకు వెళ్లండి. 'నేను నేర్పిస్తా రా' అని తేలికైన వాలు దాటించి, లిఫ్టెక్కించి, నిటారు వాలు తలమీద వదిలేసే స్నేహితుడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడికి వచ్చినంత మాత్రాన నేర్పడం వచ్చని కాదు. బోర్డు ఎంచుకున్నవాళ్లు వరసగా రెండురోజుల క్లాసు తీసుకుంటే మరీ మంచిది, ఎందుకంటే ఒకరోజు క్లాసు చాలాసార్లు మలుపులు కలిపే ఘట్టానికి ముందే అయిపోతుంది.

మొదటిరోజు సాయంత్రం ఒళ్లు హూనమై, ఎంచుకున్నది తప్పేమో అనిపిస్తే ఇలా చూసుకోండి. బోర్డు తీసుకున్నవాళ్లయితే ఇంకొక పూట ఆగండి, మొదటిరోజు అలా అనిపించకపోతేనే ఆశ్చర్యం. రెండోరోజు మధ్యాహ్నానికి కూడా రెండు అంచులమీదా నిలబడలేకపోతే అప్పుడు మార్చుకోవచ్చు. స్కీలు తీసుకున్నవాళ్లయితే, నొప్పి ఎక్కడుందో చూడండి. తొడల్లో అయితే అది నేర్చుకునే నొప్పి, రెండురోజుల్లో తగ్గుతుంది. పిక్క ముందుభాగంలోనో, మడమ దగ్గరో, పాదం పక్కనో అయితే ఉదయం అందరికంటే ముందు అద్దె కౌంటర్‌కు వెళ్లి బూట్లు మార్పించుకోండి.